స్క్రూడ్రైవర్ దిగినంత లోతు

పోర్త్‌మాడోగ్‌లో వాన గురించి చెప్పడం దండగ.
జాకు మీద బండి, బండి కింద నేను.
గ్యారేజీ తలుపు దగ్గర కేన్వెన్.
రెండు చేతుల్లో రెండు టీ కప్పులు,
ఒకటి నాది, చల్లారిపోతోంది.

నలభై ఆరేళ్ల బెడ్‌ఫోర్డ్ వ్యాను. నాదీ అదే వయసు.
ఏటా వసంతంలో తనే బ్రష్షు పట్టి
మీగడ రంగు, కింద పచ్చచార.
కిటికీలకి స్కూలు బస్సు సీట్ల గుడ్డతో కుట్టిన తెరలు,
ముప్పై ఒక్క ఏళ్లు తోలిన బస్సు మరి.
మడతమంచం, ఒంటి బర్నరు పొయ్యి,
పైకప్పు ఎత్తితే మెత్తబడ్డ బిస్కెట్ల వాసన.
ఒకసారి ఫ్రాన్సు దాకా వెళ్లారట, తనూ మార్గెడూ.
క్లచ్ తీగ తెగితే స్నానపు గౌను తాడుతో కట్టి
నూట ఇరవై మైళ్లు వచ్చారట.
ఈ కథ నాకు తొమ్మిదిసార్లు చెప్పింది.
మైళ్లు పెరుగుతూనే ఉన్నాయి.

పైన పటారం.
లోన, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే
నానిన అటుకుల్లోకి వేలు దిగినట్టు దిగింది.
కుడి అంచు పోయింది. ఎడమ అంచు పోయింది.
బ్రేకు గొట్టాలు గోటితో గీకితే రాలుతున్నాయి.

మార్గెడ్‌కి పోయినేడు రెండు మోకాళ్లూ మార్చారు.
ఆవిడకి పార్టులు దొరికాయి,
దీనికి దొరకవు.

మనసులో లెక్క కడుతున్నాను:
రెండు వేల ఎనిమిది వందల పౌండ్లు.
బండి ధరా? తొమ్మిది వందలు,
అదీ కొనేవాడు కళ్లజోడు మరిచొస్తే.
చెప్పేయడం తేలిక. ఈ నెల్లోనే ముగ్గురికి చెప్పాను,
వద్దండీ, తుక్కుకి ఇచ్చేయండి అని.

వెనక చక్రం పక్కన నల్లటి తారుపూత గీకాను.
కింద నీలం రేకు.
రేకు మీద సగం అక్షరం, ఐస్‌క్రీం బండి బోర్డుది.
చుట్టూ వెల్డింగు పిట్ట రెట్టల్లా.

ఆ రెట్టలు నావి.

పంతొమ్మిదేళ్లు నాకు. శుక్రవారం సాయంత్రం.
రగ్బీ ఆట మొదలయ్యే వేళ.
మేస్త్రీ ఇద్వాల్ ఊళ్లో లేడు.
తుప్పు కోసి పారేయకుండా పైనే రేకు పెట్టి అతికి
తారు పూసి, చేతులు కడుక్కుని పరిగెత్తాను.
తుప్పు మీద అతుకంటే తుప్పుకి ఇల్లు కట్టివ్వడమే,
అనేవాడు ఇద్వాల్.
రెండు రేకుల మధ్య నీళ్లు చేరి
ఇరవై ఏడేళ్లు తీరిగ్గా తింటూ
అటూ ఇటూ పాకాయి.

"ఎంత?" అంది కేన్వెన్.
బయటికొచ్చి చల్లటి టీ ఒక్క గుక్కలో తాగాను.
"కిందికి రండి, చూపిస్తాను."

డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి
మంచి కోటుతోనే అట్టపెట్టె మీద వెల్లకిలా పడుకుంది.
లైటు పట్టుకున్నాను. చెప్పాను.
ఆట సంగతి కూడా.
చాలాసేపు వాన చప్పుడే.

"మనం గెలిచామా?"
"ఓడిపోయాం."
ఉఁ, అంది.

నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కుంది.
తనే పొడుచుకుంటూ వెళ్లింది, తలకింద అట్ట జరుపుకుంటూ.
దిగినచోట ఏమీ అనలేదు.
ఎక్కడ దిగకుండా ఖంగుమందో అక్కడ
నా జేబులో సుద్ద అడిగి సున్న చుట్టింది.
నేను ఎప్పుడూ చెడ్డచోట్ల చుట్టే గీస్తాను.
పదకొండు సున్నలయ్యాయి.
పన్నెండోది గీయబోయి, మళ్లీ పొడిచి, మానేసింది.

"మార్గెడ్‌ని అడగాలి. సగం బండి ఆవిడది" అంటూ
కోటు దులుపుకోకుండానే వెళ్లిపోయింది.

సాయంత్రం ఖర్చుల కాగితం రాశాను.
అంచులు, గొట్టాలు, కూలి, ఒక్కోదానికీ ఒక్కో అంకె.
వెనక చక్రం పక్క అతుకు అని రాసి
అంకె దగ్గర పెన్ను ఆపాను.
అట్ట మీద కోటు తడి
మనిషి ఆకారంలో ఇంకా ఆరలేదు.